దీపం మార్చితే చాలునా?

మానవుడు చీకటిని జయించడానికి చేసిన ప్రయత్నం చాలా పురాతనమైనది. కాగడా, ఆముదపు ప్రమిద, కిరసనాయిలు లాంతరు, విద్యుద్దీపం - ఇవన్నీ ఆ ప్రయత్నంలోని మెట్లు. ఒక్కొక్క మెట్టు ఎక్కిన కొద్దీ వెలుతురు పెరిగింది. వెలుతురుతోపాటు దానికి ప్రకృతి చెల్లించవలసిన మూల్యం కూడా పెరుగుతూ వచ్చింది. తక్కువ కరెంటుతో ఎక్కువ వెలుతురునిచ్చే ఎల్.ఇ.డి. దీపం ఈ వరుసలో కొత్తగా వచ్చి చేరింది. ఇది పర్యావరణాన్ని రక్షించే దీపమని అందరూ అంటున్నారు. ఈ మాటలో నిజమెంత? దీపం మార్చినంత మాత్రాన మన బాధ్యత తీరిపోతుందా? మనకు బాగా తెలిసిన చోటు నుండే ఈ విషయాన్ని ఆలోచిద్దాం.

సోలాపూర్ నగరపు తూర్పు భాగంలో అశోక్ చౌక్ ఉంది. తెలంగాణ జిల్లాల నుండి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ చుట్టుపక్కల పేటలలో తరతరాలుగా స్థిరపడ్డాయి. సోలాపూర్ చద్దరుకు, తువ్వాలుకు భౌగోళిక గుర్తింపు లభించిందంటే దాని వెనుక ఈ నేతగాళ్ళ శ్రమ ఉంది. గుంటమగ్గం మీద నేసిన కాలంలో నేతగాడు కిటికీ వెలుతురును చూసుకొని కూర్చొనేవాడు. పొద్దు వాలితే పడుగులో తెగిన పోగు కనిపించదు గనుక పని ఆగిపోయేది. మరమగ్గం వచ్చింది, దానితోపాటు విద్యుద్దీపమూ వచ్చింది. అప్పటి నుండి కార్ఖానాకు రాత్రి, పగలు అనే భేదం లేకుండా పోయింది. ఇంట్లో తల్లులు బీడీలు చుట్టేదీ, పిల్లలు చదువుకొనేదీ ఆ దీపం కిందనే. కనుక దీపం మనకు అలంకారం కాదు. అది మగ్గం వలెనే ఒక పనిముట్టు.

పాత దీపానికి, కొత్త దీపానికి గల తేడా ఏమిటో మొదట తెలుసుకోవాలి. ఫిలమెంటు బల్బులో సన్నని టంగ్‌స్టన్ తీగ ఎర్రగా కాలి వెలుగుతుంది. అది తీసుకొన్న విద్యుత్తులో సుమారు ఐదు శాతం మాత్రమే వెలుతురుగా మారుతుంది. తక్కినదంతా వేడిగా పోతుంది. వెలుగుతున్న బల్బును తాకితే చేయి కాలడానికి కారణం ఇదే. ట్యూబులైటు దానికంటె మేలైనది. దానిలో పాదరసపు ఆవిరి గుండా విద్యుత్తు ప్రవహించి, గొట్టం లోపలి పూతను వెలిగిస్తుంది. ఎల్.ఇ.డి.లో తీగా లేదు, ఆవిరీ లేదు. అర్ధవాహకం అనే పదార్థపు చిన్న తునక గుండా విద్యుత్తు ప్రవహించినప్పుడు అది నేరుగా వెలుతురును విడుదల చేస్తుంది. ఎరుపు వెలుతురునిచ్చే ఎల్.ఇ.డి. 1962లోనే వచ్చింది. తెల్లని వెలుతురు కావాలంటే నీలి వెలుతురునిచ్చే ఎల్.ఇ.డి. అవసరం. దానిని సాధించడానికి మరి మూడు దశాబ్దాలు పట్టింది. ఆ ఘనత సాధించిన అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. అరవై వాట్ల ఫిలమెంటు బల్బు ఇచ్చేంత వెలుతురును నేడు తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. ఇస్తున్నది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. ఎనిమిది మగ్గాలున్న ఒక కార్ఖానాలో ఎనిమిది పాత ట్యూబులైట్లు ఉన్నాయనుకొందాం. ట్యూబులైటు నలభై వాట్లదే అయినా, దాని పాతకాలపు చోక్ మరో పన్నెండు వాట్ల వరకు తింటుంది. అంటే ఒక్కొక్కటి 52 వాట్లు. వాటి స్థానంలో 20 వాట్ల ఎల్.ఇ.డి. ట్యూబులు పెడితే ఒక్కొక్క దాని వద్ద 32 వాట్లు, ఎనిమిదింటికి 256 వాట్లు ఆదా అవుతాయి. రోజుకు 12 గంటల చొప్పున, ఏడాదికి 300 రోజులు వెలిగిస్తే 920 యూనిట్లకు పైగా మిగులుతాయి. మన దేశంలో ఒక యూనిట్ విద్యుత్తును ఉత్పత్తి చేయడానికి సగటున సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడు గాలిలో కలుస్తున్నది. ఆ లెక్కన ఒక్క చిన్న కార్ఖానా దీపాలు మార్చినందువల్ల ఏడాదికి ఆరువందల కిలోలకు పైగా ఆ వాయువు పుట్టకుండా ఆగుతుంది.

గాలి మాట అలా ఉంచి నీటి మాట చూద్దాం. దక్షిణ సోలాపూర్ తాలూకాలోని ఫతాటేవాడి వద్ద జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ వారి కేంద్రం ఉంది. 660 మెగావాట్ల యూనిట్లు రెండు అక్కడ ఉన్నాయి. మొదటిది 2017లోను, రెండవది 2019లోను విద్యుత్తును అందించసాగాయి. బొగ్గును మండించి, నీటిని ఆవిరిగా మార్చి, ఆ ఆవిరితో టర్బైను తిప్పడమే అక్కడ జరిగే పని. దానికి కావలసిన నీరు భీమానది మీది ఉజని జలాశయం నుండి వస్తుంది. సోలాపూర్ ప్రజలు తాగే నీటికి కూడా ముఖ్యాధారం ఆ ఉజనియే. నల్లా వచ్చే రోజు కోసం కాచుకొని, ఇంట్లో ఉన్న బిందెలన్నీ నింపిపెట్టుకోవడం మన పేటల వారికి కొత్త కాదు. ఇటువంటి కేంద్రాలలో ఒక యూనిట్ విద్యుత్తుకు సుమారు మూడు లీటర్ల నీరు ఖర్చవుతుంది. పైన చెప్పిన 920 యూనిట్లు బొగ్గు కేంద్రంలో పుట్టవలసినవే అయితే, వాటి ఆదా వల్ల 2,700 లీటర్లకు పైగా నీరు మిగిలినట్లు. పదిహేను లీటర్ల బిందెతో కొలిస్తే అది నూట ఎనభై బిందెలు! మన ఇంటి దీపంలో వెలిగే విద్యుత్తు సరిగ్గా ఫతాటేవాడి నుండే వచ్చిందని చెప్పలేము. అనేక రాష్ట్రాల కేంద్రాలన్నీ ఒకే తీగల వలలో కలిసి ఉంటాయి. కాని ఏ బొగ్గు కేంద్రమైనా నీటిని తాగవలసిందే. స్విచ్చు నొక్కినప్పుడు ఈ సంగతి మనకు గుర్తుకు రావాలి.

ఒక్క దీపంతో ఏమవుతుందని కొందరు అంటారు. చిన్న చినుకులే చెరువు నింపుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసింది. వీధి దీపాలు దెబ్బతిన్నాయి. ఆ నగరాన్ని తిరిగి నిలబెట్టేటప్పుడు పాత సోడియం దీపాలకు బదులుగా సుమారు తొంభై వేల ఎల్.ఇ.డి. దీపాలను వీధులలో అమర్చారు. 2015 జనవరి 5న కేంద్ర ప్రభుత్వం ఇళ్ళకు, వీధులకు ఎల్.ఇ.డి. దీపాలను అందించే పథకాలను దేశమంతటా ప్రారంభించింది. ఇళ్ళకు ఉద్దేశించిన పథకానికి 'ఉజాలా' అని పేరు. పెద్ద మొత్తంలో ఒకేసారి కొనడం వల్ల 2014లో 310 రూపాయలుగా ఉన్న బల్బు కొనుగోలు ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగింది. ఈ పథకం కింద 36 కోట్లకు పైగా బల్బులు పంపిణీ అయ్యాయి. ఒకప్పుడు సంపన్నుల వస్తువుగా ఉన్నది పదేళ్ళలోపుననే బీడీ కార్మికురాలి ఇంటికి చేరింది. ఇది నిస్సందేహంగా మంచి మార్పు.

అయితే "దీపం కింద చీకటి" అని మన పెద్దలు ఊరకే అనలేదు. ఈ కొత్త దీపం కింద కూడా కొంత చీకటి ఉంది.

మొదటిది, మనం తీసి పారవేసే పాత దీపం. ట్యూబులైటులోను, సి.ఎఫ్.ఎల్. బల్బులోను కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. గొట్టం పగిలితే అది ఆవిరై గాలిలోకి, తరువాత మట్టిలోకి, నీటిలోకి చేరుతుంది. జపానులోని మినమాటా పట్టణంలో ఒక రసాయన కర్మాగారం సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల ద్వారా మనుషుల శరీరాలలోకి చేరి, వేలమందిని రోగగ్రస్తులను చేసింది. ఆ వ్యాధిని 1956లో గుర్తించారు. ఆ ఊరి పేరుతోనే 2013లో ప్రపంచ దేశాలు పాదరసాన్ని అదుపు చేసే ఒడంబడిక చేసుకొన్నాయి. మన దేశం 2018లో దానిని ఆమోదించింది. ఎల్.ఇ.డి.లో పాదరసం లేకపోవడం దాని గొప్ప సుగుణం. కాని ఎల్.ఇ.డి. పెట్టిన రోజుననే పాత ట్యూబులైటును చెత్తకుప్పలో పగులగొడితే, ఆ సుగుణానికి మనమే చేటు చేసినవారమవుతాము. పాదరసపు దీపాలను మామూలు చెత్తలో కలపకుండా వేరుగా సేకరించాలని 2016 నాటి ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాలే చెప్పాయి. ఈ నియమం పేటలోని ప్రతి గడపకు చేరాలి. ఎల్.ఇ.డి. దీపం కూడా చెడిపోయాక మట్టిలో కలిసిపోయేది కాదు. దానిలో అల్యూమినియం ఉంది, రాగి ఉంది, చిన్న ఎలక్ట్రానిక్ పలక ఉంది. అదీ వేరుగా చేరవలసిన వ్యర్థమే.

రెండవది, దీపం ఆయుష్షు. పెట్టె మీద 25,000 గంటలు అని వ్రాసి ఉంటుంది. కార్ఖానాలో రోజుకు పన్నెండు గంటల లెక్కన దాదాపు ఏడేళ్ళు వెలగాలి. కాని వేసవిలో రేకుల కప్పు కింద కాగే వేడికి, కరెంటు హెచ్చుతగ్గులకు నాసిరకపు దీపంలోని ఎలక్ట్రానిక్ పలక ఏడాది తిరగకముందే కాలిపోవచ్చు. చవకగా వచ్చిందని అటువంటి దీపాన్ని కొంటే జేబుకూ నష్టమే, భూమికీ భారమే. వాట్లు ఎన్ని అని మాత్రమే కాక, వెలుతురు ఎన్ని ల్యూమెన్లు, నక్షత్రాల గుర్తు ఉన్నదా, హామీ ఎన్నేళ్ళు అని కూడా చూసి కొనాలి. ఇంకొక మాట. మగ్గాల మధ్య ఎగిరే నూలు ధూళి దీపాల మీద పేరుకొని వెలుతురును మింగేస్తుంది. వారానికి ఒకసారి, స్విచ్చు ఆపి, పొడిగుడ్డతో తుడవడానికి ఖర్చేమీ లేదు. ఆ పని చేయకుండా మరో దీపం పెట్టడం తెలివైన పని కాదు.

మూడవది అన్నింటికంటె ముఖ్యమైనది. అది మన మనస్తత్వానికి సంబంధించినది. ఒక వస్తువు చవక అయితే మనం దానిని ఎక్కువగా వాడతాము. 1865లో ఇంగ్లండులో జెవన్స్ అనే ఆర్థికశాస్త్రవేత్త బొగ్గు గురించి ఒక గ్రంథం వ్రాస్తూ ఈ సంగతిని గమనించాడు. ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేయడం నేర్చుకొన్న తరువాత దేశంలో బొగ్గు వాడకం తగ్గలేదు, పెరిగింది. యంత్రం చవకగా నడుస్తున్నదని ఇంకా ఎక్కువ యంత్రాలు పెట్టడమే దీనికి కారణం. దీపాల విషయంలోను ఇదే జరుగుతున్నది. ఎనిమిది పాత ట్యూబులు 416 వాట్లు తీసుకొనేవి. కరెంటు తక్కువే కదా అని వాటి స్థానంలో ఇరవై ఎల్.ఇ.డి. ట్యూబులు పెడితే 400 వాట్లు అవుతాయి. ఆదా ఎక్కడికి పోయింది? 2012 నుండి 2016 వరకు ఉపగ్రహాల ద్వారా జరిపిన ఒక పరిశీలనలో, భూమి మీద రాత్రివేళ కృత్రిమంగా వెలిగే ప్రదేశం ఏడాదికి 2.2 శాతం చొప్పున పెరిగినట్లు తేలింది. ఆ సంవత్సరాలలోనే ప్రపంచమంతటా ఎల్.ఇ.డి. దీపాలు వ్యాపించడం గమనించదగిన విషయం.

రాత్రి చీకటిగా ఉండడం కూడా ప్రకృతికి అవసరమే. తెల్లని ఎల్.ఇ.డి.లో నీలి వెలుతురు పాలు ఎక్కువ. ఆ వెలుతురు పురుగులను ఆకర్షిస్తుంది. తెల్లవార్లూ దీపం చుట్టూ తిరిగి అవి చనిపోతాయి. వాటిని తిని బతికే పక్షులకు ఆహారం తగ్గుతుంది. రాత్రివేళ పూలపై వాలి పుప్పొడిని చేరవేసే పురుగులు తగ్గితే చెట్లకూ నష్టమే. మనుషుల నిద్రను కూడా ఆ వెలుతురు చెదరగొడుతుంది. నారళీ పున్నమినాడు మార్కండేయ రథోత్సవానికి వీధులు దీపాలతో మెరిసిపోవడం అందరికీ ఆనందమే. పండుగ వెలుతురును ఎవరూ కాదనరు. కాని పండుగ ముగిశాక కూడా నెలల తరబడి వెలిగే దీపాల తోరణాలు, మూసిన దుకాణం ముందు తెల్లవార్లూ వెలిగే పలకలు ఎవరికి ఉపయోగం?

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వెలుతురు పెంచడమంతా దుబారా అని నేను అనను. ఇన్నాళ్ళు మసక వెలుతురులో తెగిన పోగును వెతుక్కుంటూ కళ్ళు పాడుచేసుకొన్న నేతగాడికి మగ్గం మీద ఇంకొక దీపం కావాలంటే, అది అతని హక్కు. గుమ్మం దగ్గర కూర్చొని సాయంత్రం దాకా బీడీలు చుట్టే తల్లికి మంచి దీపం కావాలి. చదువుకొనే పిల్లవాడికి కావాలి. దీపం మార్చగా మిగిలిన సొమ్ము యజమాని పెట్టెలోకి మాత్రమే చేరి, కార్మికుని కళ్ళకు ఏమీ దక్కకపోతే ఆ మార్పు న్యాయమైనది కాదు. పనిచేసే చేతికి వెలుతురు పెంచి, ఎవరూ లేని చోట తగ్గించడమే సరైన పొదుపు అని నా అభిప్రాయం.

ఇక చివరి సంగతి. దీపాలు మార్చి చేతులు దులుపుకొంటే సరిపోతుందా? మన కార్ఖానాలోనే ఇంకొక లెక్క చూద్దాం. ఒక్కొక్క మగ్గానికి ఒక అశ్వశక్తి మోటారు ఉందనుకొంటే, అది చేసే పని 746 వాట్లు. మోటారు సామర్థ్యం 75 శాతం అయితే ఆ పనికి దాదాపు 995 వాట్ల విద్యుత్తును తీసుకొంటుంది. సామర్థ్యం 82.5 శాతం ఉన్న మేలిరకపు మోటారు అదే పనిని సుమారు 905 వాట్లతో చేస్తుంది. పూర్తి బరువు మీద నడిచేటప్పుడు మోటారుకు 90 వాట్ల చొప్పున ఎనిమిది మోటార్లకు 720 వాట్లు ఆదా! దీపాల వద్ద మిగిలింది 256 వాట్లే కదా. అంటే తలమీది దీపం కంటె కాలి దగ్గరి మోటారులో దాగిన ఆదా దాదాపు మూడింతలు. దీపం కంటికి కనిపిస్తుంది గనుక అందరి చూపు దాని మీదనే పడుతుంది. మోటారు మూలన ఉండి మౌనంగా కరెంటును తింటూ ఉంటుంది. మేలిరకపు మోటారు ఖరీదైనది. గిరాకీ తగ్గి, నూలు ధర భారమై సతమతమవుతున్న చిన్న కార్ఖానాదారు ఒక్కడే దానిని కొనలేకపోవచ్చు. దీపాలను కోట్ల సంఖ్యలో ఒకేసారి కొని ధర తగ్గించిన ఉపాయమే మోటార్లకూ వర్తించాలి. సహకార సంఘాలు, ప్రభుత్వం పూనుకొంటే అది అసాధ్యం కాదు.

అన్నిటికంటె చవకైన దీపం ఆకాశంలోనే ఉంది. పూర్వకాలపు నేతమిల్లులకు రంపపు పళ్ళవంటి కప్పు కట్టి, ఉత్తరపు వైపు గాజు పలకలు అమర్చేవారు. ఎండ పడకుండా వెలుతురు మాత్రమే లోపలికి వచ్చేది. నేడు కార్ఖానా కప్పులో రెండు మూడు రేకులు తీసి పారదర్శకమైన రేకులు వేస్తే, పగటిపూట దీపాల అవసరం చాలా వరకు తగ్గుతుంది. గుంటమగ్గం ముందు కిటికీని వెతుక్కొన్న మన తాతలకు ఈ రహస్యం తెలుసు.

కనుక దీపం మార్చడం మంచిదే, తప్పక మార్చవలసిందే. మార్చిన తరువాత పాత దీపాన్ని జాగ్రత్తగా అప్పగించాలి. అవసరం లేని చోట కొత్త దీపాన్ని ఆర్పాలి. తరువాత మోటారు వైపు చూడాలి. విద్యార్థులారా! నెలనెలా మీ ఇంటికి వచ్చే కరెంటు బిల్లులో యూనిట్లు ఎన్నో వ్రాసి ఉంటుంది. పెద్దలు రూపాయలు చూస్తారు. మీరు యూనిట్లు చూడండి. పోయిన నెల కంటె ఈ నెల తగ్గాయో, పెరిగాయో లెక్క కట్టండి. దీపం మార్చి కూడా యూనిట్లు తగ్గకపోతే ఎందుకు తగ్గలేదో ఇంట్లో అడగండి. ఆ ప్రశ్నతోనే అసలైన పొదుపు మొదలవుతుంది.

ఆలోచించి వ్రాయండి

1. దీపం నేతగానికి ఒక పనిముట్టు అని రచయిత ఎందుకు అన్నారు?
2. ఒక యూనిట్ విద్యుత్తుకు, ఉజని నీటికి గల సంబంధాన్ని మీ మాటల్లో వివరించండి.
3. "దీపం కింద చీకటి" అనే సామెతను ఈ పాఠంలో ఏయే విషయాలకు అన్వయించారు?
4. వెలుతురు ఎక్కడ పెంచాలి? ఎక్కడ తగ్గించాలి? మీ పేట నుండి రెండేసి ఉదాహరణలు ఇవ్వండి.
5. మీ ఇంట్లోని దీపాల వాట్లను, అవి రోజుకు వెలిగే గంటలను పట్టికగా వ్రాసి, నెలకు ఎన్ని యూనిట్లు అవుతాయో లెక్కించండి.